మూడవ మడుగు సారం

స్ఫాక్స్ నగర సముద్రతీరంలోని పరిశోధనశాలలో ఆ ఉదయం సమావేశమైనవారు, ఆసీనులైన క్రమంలో: సంచాలకులు బషీర్ గర్గూరి, ఆసుపత్రి ప్రతినిధి డాక్టర్ నాజియా జువారి, పరిశోధకురాలు వహీదా, చివరన, తలుపు పక్కన, నాచు మడుగుల కాపరి షాద్లీ. నమూనా సీసాలు మోసుకొచ్చినందువల్లనే అతనికి ఆ కుర్చీ దక్కింది.

నాలుగేళ్లుగా వహీదా పెంచిన సూక్ష్మ నాచులలో మూడవ మడుగు సారం ఒక్కటే గాజు పళ్లేలలోని క్యాన్సర్ కణాలను చంపింది. ఎలుకలకు ఏ హానీ కలగలేదు. ఇక రోగులపై పరీక్షకు సంతకాలే తరువాయి. గర్గూరి కలం మూత తీశారు.

"అంటే దీన్ని మనుషులకి పట్టిస్తారా, ప్రొఫెసర్ గారూ?" షాద్లీ లేచి నిలబడ్డాడు.

"మరి మేకలకా? కూర్చోవయ్యా," అన్నారు గర్గూరి.

"మేకలు కూడా ముట్టవండీ దాన్ని."

గర్గూరి చేయి ఆగింది.

"బాబాయ్, తర్వాత మాట్లాడుకుందాం," అంటూ వహీదా కళ్లతోనే బతిమాలింది.

"తర్వాతైతే ఏం లాభం తల్లీ? మూడో మడుగుకి పురుగు పట్టినప్పుడల్లా గన్నేరాకు గోనెలో కట్టి ముంచాను. మా నాన్న ద్రాక్షతోటకి ఆ నీళ్లే కొట్టేవాడు. పురుగు చచ్చింది, నాచు పచ్చగానే ఉంది. చెప్తే తిడతావని చెప్పలేదు."

వహీదా నమూనా సీసాల వైపు తిరిగింది. అయితే కణాలను చంపింది నాచు కాదా?

"గన్నేరు విషాన్ని ఎలుకలు తట్టుకుంటాయి," అన్నారు నాజియా మెల్లగా. "మనిషి గుండె తట్టుకోదు."

"అనుమానమే కదా!" గర్గూరి స్వరం పెరిగింది. "మధ్యాహ్నానికి పత్రికలవాళ్లు వస్తున్నారు. నీ ఉద్యోగం ఉంటుందనుకుంటున్నావా, షాద్లీ?"

"ఉండదనే అనుకుంటున్నానండీ. పింఛనుకి ఇంకా ఏడు నెలలుంది."

అందరూ వహీదా వైపు చూశారు. నాలుగేళ్ల శ్రమ ఆ కలం కింద ఉంది. ఆమె మౌనం వహిస్తే చాలు, సంతకం పడుతుంది. షాద్లీ మీద ఆమెకు పట్టరాని కోపం వచ్చింది. అయినా చేయి చాచి, కలం కిందినుంచి కాగితాలను లాగేసుకుంది.

"మడుగు ఖాళీ చేసి కడగాలి, బాబాయ్. ఈసారి పురుగు పడితే ముందు నాతో చెప్పు. తిట్టినా సరే చెప్పు."

గర్గూరి కలం మూత పెట్టారు. ఆపైన కార్యవివరణ పుస్తకాన్ని ఆమె ముందుకు జరిపారు. వహీదా స్వహస్తంతో రాసిన చివరి వాక్యం కింద ముగ్గురూ సంతకం చేశారు:

"తన కొలువుకు ముప్పని తెలిసియు సత్యమును చెప్పి, రోగులకు కలుగనున్న ప్రాణహానిని నివారించిన మడుగుల కాపరి శ్రీ షాద్లీ గారికి ఈ సభ తన కృతజ్ఞతను నమోదు చేయుచున్నది."