వీరగల్లు మీది నలుపు

మా మామ మునినారాయణప్పకు దేవుడి పట్టింపు లేదు. గుడికి వెళ్ళినా చెప్పుల దగ్గరే నిలబడే మనిషి. అలాంటివాడు, అత్త పోయిన నెలకే, ఒక శుక్రవారం పొద్దున చెంబుతో పాలు తీసుకుని వీరగల్లు దగ్గరికి బయలుదేరితే నేనూ మా ఆయన నాగరాజూ మొహమొహాలు చూసుకున్నాం.

చందాపురలో మా ఇంటి గోడకూ పక్క అపార్ట్‌మెంటు గోడకూ మధ్య ఉంటుంది ఆ రాయి. దాని మీద పులితో తలపడుతున్న ఒక మీసాలాయన. పశువుల్ని కాపాడబోయి చచ్చిపోయాడనీ, మా వంశంవాడేననీ అత్త సొన్నమ్మ చెప్పేది. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ప్రతి శుక్రవారం ఆయనకు పాలు పోసి, నెయ్యి రాసి, పసుపు పూసింది. ఇప్పుడా పని మామ నెత్తికెత్తుకున్నాడు. ఎందుకు మామా అని ఒకసారి అడిగాను.

"ఇంట్లో ఉంటే మీ అత్త లేదని తెలస్తా ఉంటాదమ్మా. ఆడికి పోతే స్వల్ప మరుస్తాను," అన్నాడు.

మళ్ళీ అడగలేదు.

సుప్రియ వచ్చింది ఆ రోజుల్లోనే. పాత శిల్పాలను తినే సూక్ష్మజీవుల మీద పరిశోధన చేస్తోంది. వాళ్ళది గుంటూరు వైపు, ఇప్పుడు బ్రూక్‌ఫీల్డ్‌లో ఉంటారు. దూదిపుల్లలతో రాయిని అక్కడక్కడా తుడిచి, గాజుగొట్టాల్లో వేసుకుని వెళ్ళింది. కొన్నాళ్ళకు తిరిగొచ్చి మామను కూర్చోబెట్టి చెప్పింది.

"అంకుల్, రాయి మీద ఆ నలుపు మురికి కాదండి. ఫంగస్, బాక్టీరియా. మీరు పోసే పాలూ నెయ్యే వాటికి ఫుడ్. తిని యాసిడ్ వదులుతాయి, రాయిలోకి పాకుతాయి. ఇలాగే పోస్తే ఆ ముఖం ఎక్కువ కాలం ఉండదు."

మామ రాయి ఉన్న గోడ వైపు తిరిగాడు.

"అంటే మా సొన్నమ్మ ఇన్నేండ్లూ దాన్ని చెడుపుతా ఉండిందా?"

"ఆంటీకి తెలీదు కదండీ," అంది సుప్రియ. ఆ మాట అనకుండా ఊరుకున్నా బాగుండేది.

మామ పాలు మానేశాడు. శుక్రవారం వస్తే అన్నం సగంలో లేచిపోయేవాడు. ఇల్లంతా శవం లేచిన ఇల్లులా ఉండేది. ఆ అమ్మాయి మీద నాకు ఒళ్ళు మండేది. చెప్పింది నిజం కాబట్టి మరీ మండేది.

తర్వాత ఆమె అనుమతులు తెచ్చుకుని రాయికి మందు పట్టించింది. "నలుపు చచ్చి వదులవుతుంది. నేనొచ్చి రాయి గట్టిపడే మందు ఎక్కించేదాకా పూజలేం చెయ్యకండి అంకుల్," అంది. మామ ఒప్పుకున్నాడు, మాట తప్పలేదు కూడా. ఆమె లెక్కలో పూజంటే రాయి మీద చెయ్యి వెయ్యడమే. మా ఇంట్లో పూజ వేరు, కడగడం వేరు. కడగడం ఇంటిపని.

ఈలోగా అత్త సంవత్సరీకం వచ్చింది. దానికి ముందు మాకు ఇల్లంతా కడగాలి, ఇత్తడి సామాను చింతపండుతో తోమాలి. నేను పెరట్లో బిందెలు ముందేసుకుని కూర్చున్నాను. నానిన చింతపండు కొంత, కొబ్బరి పీచు కొంత తీసుకుని మామ బయటికి వెళ్ళాడు. కాసేపటికి కేకేశాడు.

"రంజితా, ఈడికి రామ్మా. నలుపంతా ఎట్ల పోతా ఉండాదో చూడు."

ఆయన గొంతులో అంత సంతోషం విని ఏడాదైంది. చేతులు తుడుచుకుంటూ వెళ్ళాను.

కాళ్ళ దగ్గర నల్లటి నీళ్ళు, వాటిలో తళతళలాడే రాతిపొడి. పులి ఉంది. మనిషి భుజాలున్నాయి. భుజాల పైన తెల్లగా, కొత్తగా పగలగొట్టిన బండలా చదునుగా ఉంది. మామ అక్కడ ఇంకో చెంబు నీళ్ళు పోసి వేళ్ళతో తడుముతున్నాడు.

"ముఖం యాడుండాదమ్మా? ఇంకా నలుపు కిందే ఉండాదేమో."

చెంబు ఆయన చేతిలోంచి తీసుకున్నాను. అప్పుడు నా మొహం చూసి ఆయనకు అర్థమైంది.

మరునాడు సుప్రియ వచ్చి ఆ రాయి ముందు చతికిలబడింది. లోపల పొడిపొడిగా అయిన రాయిని ఇన్నాళ్ళూ పట్టుకుని ఉన్నది ఆ నల్లపొరేనట. అది చెప్తూ చెప్తూ ఏడ్చేసింది. కోప్పడదామని గడప దాటిన నేను అక్కడే నిలబడిపోయాను.

మామ ఆమె పక్కన కూర్చున్నాడు.

"నువ్వేం చేస్తావులే పాపా. ఒక మాట అడుగుతాను, చెప్పు. ఇంక పాలు పోయొచ్చు కదా? చెడిపోయేకి ఏమీ లేదు కదా?"

సుప్రియ రాయి మీద మిగిలిన పులినీ భుజాలనూ చూసి, నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను.

"పోయండి అంకుల్," అంది.