వెన్ను లేని పుస్తకం

నేను ఒక పలచటి పుస్తకాన్ని నాయనా. నాలుగు కాగితాలు, నడుమున రెండు పిన్నులు, అంతే నా ఒళ్లు. పాముకాటు కేసులు చూసి చూసి జుట్టు నెరిసిన ఒక డాక్టరమ్మ నన్ను రాసింది. గట్టిగా కట్టొద్దు, బ్లేడుతో కోయొద్దు, కాలు కదపనివ్వకుండా పెద్దాసుపత్రికి తీసుకుపొండి. నా కడుపులో ఉన్న మాట ఇదే.

ఆడపిల్లల హాస్టలు వార్డెను తవిటమ్మ నన్ను కొని, చదివి, లైబ్రరీకి పట్టుకొచ్చింది. హాస్టలు పిల్లలు తప్పక చదవాల్సిన పుస్తకాల జాబితా అక్కడ తయారవుతోంది. కథలు వద్దు, బతుక్కి పనికొచ్చేవే కావాలన్నారు. ఎంచే పెద్దమనిషి గౌరునాయుడు, రిటైరైన హెడ్మాస్టరు. చెడ్డవాడు కాడు. పుస్తకాన్ని బల్ల మీద నిలబెట్టి చూడటం ఆయన అలవాటు. నిలబడితే వెన్ను మీద నంబరు చీటీ అంటిస్తాడు, చీటీ అంటితే జాబితాకెక్కిస్తాడు. నన్నూ నిలబెట్టాడు. తడిసిన అప్పడంలా వాలిపోయాను.

“నంబరెక్కడ అంటించమంటావు తవిటమ్మా, నీ నుదుటి మీదా?”

“లోపలేటుందో సూడండి మేష్టారూ. మా పిల్లలు పొలం గట్ల మీద నడిసేవోళ్లు.”

“పాముల సంగతి ఇందులోనూ ఉందిలే” అని బంగారు అక్షరాల లావు పుస్తకమొకటి నిలబెట్టాడు. అది పెళ్లికొడుకులా నిలబడింది. అప్పుడు దాన్ని తెరిచి చూసినవాళ్లు లేరు. నేను బీరువా అడుగుకి పోయాను.

వానాకాలంలో తవిటమ్మ నోటే విన్నాను. ఆమె ఊళ్లో లేని పూట హైమ అనే పిల్లని కుళాయి దగ్గర పాము కరిచింది. తోటిపిల్లలు బుద్ధిమంతులు. జాబితాలోని పుస్తకం తీసి, అందులో ఉన్నట్టే చేశారు. బిగించి కట్టారు, కోశారు, పసరు పోశారు. ఆటో కోసం పరిగెత్తేసరికే పిల్ల రెప్పలు వాలిపోయాయి. ఆసుపత్రి గుమ్మం చేరేసరికి ఊపిరి లేదు.

అదంతా చెప్పి, ఆ లావు పుస్తకాన్ని ఆయన ముందు నిలబెట్టింది తవిటమ్మ.

“బాగా నిలబడ్డాది మేష్టారూ. పిల్లే పడిపోనాది.”

ఆమె వెళ్లాక ఆయన నేల మీద కూచుని బీరువా అంతా వెతికి నన్ను బయటికి తీశాడు. వెనక అట్టముక్క పెట్టి, మైదా జిగురు రాసి, నంబరు అంటించాడు. చెంచాడు జిగురు పట్టింది నాయనా, అంతే.

ఇప్పుడు హాస్టలు అలమరలో నిటారుగా నిలబడ్డాను. హైమతో చదివిన పిల్లలు నన్ను తీస్తారు. కోయొద్దు అన్న పేజీ దాకా వచ్చి ఆగిపోతారు. ముందుకి తిప్పరు.