సన్నధార

"మళ్ళీ పాడుచేశావా?" అన్నాడు భర్త ఫిన్నీ, చర్చికి వేసుకున్న తెల్ల చొక్కాతోనే వంటింటి గుమ్మంలో నిలబడి.

సలోమి చేతిలోని స్ప్రేయరు నుంచి నీళ్ళు దారంలా కారుతున్నాయి. సింకు నిండా ఆదివారం భోజనాల అంట్లు. మణికట్టు నొప్పితో బరువు గిన్నెలు తిప్పలేక, పక్కన చేతి స్ప్రేయరు ఉంటుందని తన జీతంతో కొనుక్కున్న పంపు అది.

"షవరుతో అంట్లు కడగడం మా పామర్రులో ఎరగమమ్మా," అంది అత్తగారు సంపూర్ణమ్మ, సోఫాలోంచి లేవకుండానే.

"సాయంత్రం ప్లంబరొచ్చి పీకేస్తాడులే. మామూలు పంపు పెట్టిద్దాం," అని ఫిన్నీ వెళ్ళి పడుకున్నాడు.

పీకేస్తాడు. ఆ మాట ఆమె మణికట్టులో కలుక్కుమంది. మిక్సీ ఆగినా, పెరుగు తోడుకోకపోయినా, పిల్లకి జ్వరం వచ్చినా ఈ ఇంట్లో మొదట వచ్చేది ఏం చేశావనే. ఏమైందని ఎవరూ అడగరు. ఆమె కూడా తనని తాను అలా అడగదు. తప్పు తనలోనే వెతుక్కోవడం ఎప్పుడో అలవాటైపోయింది. ఈసారి మాత్రం తనని వదిలేసి నీళ్ళని అడగాలనిపించింది.

బాత్రూంలో ధార జోరుగానే ఉంది. అంటే తప్పు ట్యాంకుది కాదు. స్ప్రేయరు తల ఊడదీసింది. ఉత్త గొట్టంలోంచీ సన్నధారే. సింకు కిందికి దూరి గొట్టమంతా తడిమింది. ఎక్కడా మడత లేదు. తల మళ్ళీ తగిలించి స్ప్రేయరు మీట నొక్కినా నీళ్ళు పెద్ద పంపులోంచే పోతున్నాయి. నీళ్ళని ఇటు మళ్ళించాల్సిన బిళ్ళ లోపల బిగుసుకుపోయిందన్నమాట. కింద వాల్వు కట్టేసి, పంపు మెడ విప్పి, ఆ బిళ్ళని బయటికి లాగింది. బోరునీళ్ళ సున్నం తెల్లగా పేరుకుపోయి ఉంది. వెనిగర్‌లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్షుతో తోమి, మళ్ళీ బిగించింది. వాల్వు తిప్పి మీట నొక్కగానే ధార గిన్నె అడుగున ఠంగుమంది.

ఆ చప్పుడుకి ఫిన్నీ లేచి వచ్చాడు. తనూ ఓసారి నొక్కి చూసి, ప్లంబరుకి ఫోన్ చేశాడు. "రానక్కర్లేదు బాబూ. దానంతటదే బాగైంది."

పాడైతే చేసిందెవరో ఈ ఇంటికి వెంటనే తెలుస్తుంది. బాగైతే మాత్రం చేసిన మనిషి ఉండదు. సలోమి తడిచేత్తోనే అతని చేతిలోంచి ఫోన్ అందుకుంది.

"దానంతటదే బాగవలేదు బాబూ," అంది, భర్త ముఖంలోకే చూస్తూ. "నేను బాగుచేశాను. పంపు ఇక్కడే ఉంటుంది."