మూడింటి మీటింగు

"మైకు ముట్టుకోకే, షాకు కొడుతుంది," అంది తల్లి, ఇంకా ఇంటి గుమ్మమైనా దాటకముందే.

"కౌన్సిలు హాల్లో మైకుకి షాకెందుకు కొడుతుందమ్మా?"

"కొట్టదని నీకు రాసిచ్చారా?"

కూతురు స్కూలు వ్యాను నడుపుతుంది. పిల్లల్ని ఎక్కిస్తూ దించుతూ వార్డులోని తల్లులు ఆమెతో చెప్పుకున్న కష్టాలే ఓట్లయి, ఆమెను కౌన్సిలర్ని చేశాయి. పన్నెండు కుర్చీల్లో ఒకే ఒక్క ఆడమనిషి. చిక్కంతా టైముతోనే వచ్చింది. మీటింగు ఎప్పుడూ మధ్యాహ్నం మూడింటికి; బడి వదిలేదీ మూడింటికే. ఏడాదిలో మూడు మీటింగులకు రాకపోతే సీటు పోతుంది. రెండు అప్పుడే ఎగిరిపోయాయి. ఇవాళ బడికి సెలవు కాబట్టి గండం గడిచింది. వచ్చే నెల సంగతి తలుచుకుంటే తల్లికి ముద్ద దిగడం లేదు. సీటు వదిలితే పరువు పోతుంది, వ్యాను వదిలితే పొయ్యి వెలగదు.

హాల్లో తల్లి సందర్శకుల బెంచీ మీద సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అందులో నీళ్లసీసా, తలనొప్పి మందు, పరుగెత్తాల్సివస్తే ఉంటాయని ఇంకో జత చెప్పులు. మిగతా పదకొండుమందినీ ఎగాదిగా చూసింది. తొమ్మిదిమంది పింఛను పుచ్చుకునేవాళ్లు, ఇద్దరు షాపు గుమాస్తాకి వదిలి వచ్చినవాళ్లు. చివరి కుర్చీలో రిటైరైన హెడ్మాస్టరు తల వాల్చేసి ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నాడు.

"ఆయనకి ఊపిరాడుతోందా, బాబూ?" అని అటెండరుని గుసగుసగా అడిగింది.

"ప్రతి మీటింగుకీ ఇంతేనండి. నేనే కంగారుపడి రెండుసార్లు డాక్టరుకి ఫోన్ చేశాను."

కూతురు లేచి మైకు పట్టుకుంది. తల్లి కళ్లు మూసుకుంది. షాకు కొట్టలేదు.

"మీటింగు సాయంత్రం ఆరింటికి పెడదామండి. మూడింటికైతే పనికి పోయేవాళ్లెవరూ ఈ కుర్చీల దాకా రాలేరు. మా వీధి నర్సుని పోటీ చెయ్యమంటే, ముందు మీటింగు ఎన్నింటికని అడిగింది."

"మా నాన్నగారి కాలం నుంచీ మూడింటికేనమ్మాయ్," అన్నాడు చైర్మన్. ఆయనది ఇనప సామాన్ల షాపు.

"మీ నాన్నగారు వ్యాను నడిపేవారాండీ?"

తల్లి సంచిలో చెప్పులున్నాయో లేదో తడిమి చూసుకుంది.

"బలపరిచేవాళ్లు ఒక్కరైనా ఉంటేనే ఓటుకి పెడతాను," అన్నాడు చైర్మన్. "ఎవరైనా ఉన్నారా?"

ఒకాయన కళ్లజోడు తుడుచుకున్నాడు. పక్కాయన దాన్నే అడిగి పుచ్చుకుని మళ్లీ తుడిచాడు. తల్లి మెల్లిగా సంచిలోంచి చెప్పులు తీసి కింద పెట్టింది.

చివరి కుర్చీలో ఒక చెయ్యి లేచింది. హెడ్మాస్టరు కళ్లు మాత్రం తెరవలేదు.

"నేను బలపరుస్తున్నాను. ఈ మూడింటి మీటింగుల వల్ల పదేళ్లుగా నాకు మధ్యాహ్నం నిద్ర సరిగ్గా లేదు."