శనివారం పొయ్యి

జ్వరమొస్తే రాజోలు కాలువగట్టు మీద ధనరాజు హోటల్లో కోడిచారు తాగనివాళ్ళు మా వీధిలో లేరు. మిరియాల ఘాటు, అందులో తేలే బియ్యప్పిండి ఉండలు. తాటాకు పాక, రెండు బల్లలు, అంతే హోటలు. ధనరాజు, అతని భార్య సారమ్మ యూదులు. గుంటూరు వైపు వాళ్ళ చుట్టాలు నాలుగైదు కుటుంబాలున్నాయని చెప్పేవారు. రొయ్య, పీత ఆ గుమ్మం దాటేవి కావు. మాంసం తిన్నవాడు ఎంత బతిమాలినా పెరుగు వేసేవారు కాదు.

శుక్రవారం పొద్దు వాలకముందే ఉలవలు, మేకమాంసం కుండలో వేసి, మర్నాటిదాకా కనకనలాడే ఊకపొయ్యి మీద పెట్టేవారు. ఇక శనివారం చుక్కలు పొడిచేదాకా సబ్బాతని నిప్పు రాజేయరు, ఆర్పరు, డబ్బు ముట్టరు, బండెక్కరు. ఆ రోజు ఎవరొచ్చి కూర్చున్నా ఆ ఉలవల కూర ఊరికే పెట్టేవారు.

మాది పక్కిల్లు. వాళ్ళకి ముందు ఆ పాకలో మూడు కుటుంబాలుండి వెళ్ళిపోయాయి. వీళ్ళూ ఎక్కడ వెళ్ళిపోతారోనని పొద్దున్నే తలుపు తీసి పొగ లేచిందా అని చూసుకునేదాన్ని. శనివారం కొత్తగా పొగ లేవదు గనక సారమ్మ గొంతు వినిపించేదాకా గుమ్మంలోనే నిలబడేదాన్ని.

రెండువేల ఒకటిలో, ఒక శనివారం మధ్యాహ్నం, రొయ్యల చెరువుల వీర్రాజు ముగ్గురు మనుషుల్ని వెంటేసుకుని వచ్చాడు. ఒకడి చేతిలో బకెట్టు నిండా రొయ్యలు.

"ధనరాజూ, ఇవి వండించు."

"ఆయ్, రొయ్యలు మేం ముట్టమండి. ఇయ్యాల పొయ్యి కూడా ముట్టించమండి. ఉలవల కూరుంది, కూర్చోండి."

వీర్రాజు మనుషులవైపు తిరిగి నవ్వాడు. "విన్నార్రా? మన రొయ్యలు ఓడలెక్కి దేశాలు తిరుగుతున్నాయి. ఈడి కుండకి మాత్రం మైలంట."

"మైలన్లేదండి. మా ధర్మం అదండి."

"నీకు ధర్మం ఎవడిచ్చేడ్రా?"

వీర్రాజు ఇనప గరిటె తీసి అతని చెవి మీద కొట్టాడు. ధనరాజు బల్ల మీద పడ్డాడు, బల్ల విరిగింది. ఇద్దరు డొక్కలో తన్నారు. ఆ తోపులాటలో ఉలవల కుండ పగిలి, కుతకుతలాడే కూర ధనరాజు కాళ్ళ మీద ఒలికింది. మూడోవాడు సారమ్మ జుట్టు పట్టుకుని గుంజకి అదిమాడు.

నేను పరిగెత్తాను.

"వీర్రాజుబాబూ, వదిలెయ్యండయ్యా! నేను వండి పెడతాను."

"మీరు వండుతారా పిన్నిగారూ? కానివ్వండి."

కోడిచారు కాచే పెద్ద కుండ కడిగి బోర్లించి ఉంది. అదే అందుకున్నాను.

"అచ్చాయమ్మగారూ, ఆ కుండొద్దండీ!" అని సారమ్మ అరిచింది.

ప్రాణం కంటే కుండ ఎక్కువా అనుకుని పక్క పొయ్యిలో కొబ్బరి డొక్కలు వేసి ముట్టించాను. రొయ్యలు ఉడుకుతున్నంతసేపూ వాళ్ళు కొట్టడం ఆపారు. బతికించానని అనుకున్నాను.

ఉడికాక వీర్రాజు ఒక రొయ్య గరిటెతో తీశాడు. "ముందు ఈడు తింటాడు."

ఇద్దరు ధనరాజు తల పట్టుకున్నారు. కాలే రొయ్యని పెదాల మీద రుద్దారు. అతను పళ్ళు బిగించాడు. గరిటె కాడతో పళ్ళ మీద పొడిచారు. రెండు పళ్ళు రాలాయి. గడ్డం మీదుగా నెత్తురు కారింది. నోరు మాత్రం తెరవలేదు. ఆ రొయ్య నేను వండిందే. వాళ్ళకి ఆ సాధనం ఇచ్చింది నేనే.

సారమ్మ తనని పట్టుకున్నవాడి ముంజేయి కొరికింది. వాడు వదలగానే, మరుగుతున్న కుండని ఉత్తచేతులతో పొయ్యి మీంచి ఎత్తి వీర్రాజు మొహాన కొట్టింది. కుండ పగిలింది. వాడి కేక కాలువ అవతలికి వినిపించి ఉంటుంది.

ఆ ముగ్గురూ వీర్రాజుని మోటారుసైకిలు మీద కూర్చోబెట్టారు. "తిరిగొచ్చి ఇద్దర్నీ నరుకుతాం!" అని అరుస్తూ పోయారు.

నేను రోడ్డు మీద ఆటో ఆపాను. ధనరాజు ఎక్కబోయి ఆగాడు. "ఇయ్యాల సబ్బాతే," అన్నాడు నెత్తురు మింగుతూ.

"ప్రాణం మీదకొస్తే ఎక్కొచ్చని మీరే కదా చెప్పేరు, ఎక్కండి," అని సారమ్మ భుజంతో నెట్టింది. ఆమె అరచేతుల తోలు ఊడి వేలాడుతోంది.

"నావల్లేనమ్మా," అన్నాను.

"మా మంచికే చేసేరండి." ఆటో ఎక్కుతూ అంది సారమ్మ. "ఆ కుండొద్దన్నాను కదండీ."

నేను ముట్టించిన పొయ్యి ఇంకా మండుతోంది. అదన్నా ఆర్పుదామని నీళ్ళచెంబు ఎత్తాను. ఆటోలోంచి ధనరాజు చూశాడు. వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఆటో కదిలిపోయింది.

గంటలో పదిమంది కర్రలతో వచ్చారు. గుంజలు నరికి ఒక పక్క పాక కూల్చారు. బాన పగలగొట్టారు. ఒకడు పొయ్యి తన్నడానికి కాలెత్తాడు. నేను దానికి అడ్డంగా కూర్చున్నాను.

"లేవండి మామ్మగారూ, కాలు తగుల్తాది."

"మీ రొయ్యల కోసం నేను ముట్టించిన పొయ్యిరా ఇది. దీని జోలికి రాకండి."

ఆ తన్ను నా భుజానికి తగిలింది. ఎముక పటుక్కుమంది. నేను లేవలేదు. తిట్టుకుంటూ పోయారు.

రెండో చేత్తో ఆ భుజం పట్టుకుని అక్కడే కూర్చున్నాను. కొబ్బరి డొక్కలు ఎర్రబడి, బూడిదయ్యి, చుక్కలు పొడిచేవేళకి పొయ్యి దానంతటదే ఆరింది. అప్పుడు లేచాను.