సోలార్ కాగితాల తనిఖీ

ముప్పై ఒక్క ఏళ్ళు సిటీ బస్సుల్లో టికెట్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసిన మనిషి, రిటైరైన రెండో ఏడు సొంత గుమ్మంలోనే మోసపోయాడు. ప్లగ్గులో పెడితే చాలు, కరెంటు బిల్లు సగమవుతుందని ఎవడో చెబితే గదికొకటి చొప్పున నాలుగు డబ్బాలు కొన్నాడు. నెల తిరిగినా బిల్లు రూపాయి తగ్గలేదు. కొడుకు స్క్రూడ్రైవర్‌తో ఒకటి విప్పి చూస్తే లోపల చిన్న ఆకుపచ్చ లైటు, బరువు కోసం పోసిన సిమెంటు ముద్ద. ఇల్లంతా పడీ పడీ నవ్వింది. ఆయనా నవ్వాడు. కానీ ఆ రోజు నుంచి ఏది కొనాలన్నా ఇంట్లో ఆయన్ని అడగడం మానేశారు. ఆయన కూడా మధ్యలో మాట కలపడం మానేశాడు.

ఒక శనివారం మధ్యాహ్నం సోలార్ కంపెనీ సేల్స్‌మన్ వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. నలగని చొక్కా, చేతిలో ట్యాబ్.

"ప్యానెళ్ళు మావి, బిగింపు మాది, రిపేర్లు మావి. మీరు నెలనెలా అద్దె కడితే చాలు. ఇప్పుడొచ్చే బిల్లు కన్నా తక్కువే. పదిహేనేళ్ళ అగ్రిమెంటు. ఇవాళే సంతకం పెడితే మొదటి మూడు నెలలు అద్దె లేదు మేడమ్."

మేడమ్ అంటే కోడలు. ఇల్లు ఆమె పేరు మీదే ఉంది. హైస్కూల్లో సైన్సు టీచరు. భోజనాల బల్ల నిండా పరీక్ష పేపర్లు పరుచుకుని దిద్దుతోంది. ఎర్ర పెన్ను మూత పెట్టి, మూల కుర్చీలో పేపరు చదువుకుంటున్న మామగారి వైపు తిరిగింది.

"మామయ్యా, ఇది మీరు చూడండి. నమ్మొచ్చో లేదో మీరే తేల్చండి."

ఆఫ్‌సెట్ ప్రెస్సులో పనిచేసే కొడుకు గదిలోంచి తల బయటపెట్టాడు. "నాన్నకా? ఆ డబ్బాలు అప్పుడే మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. ఆ డబ్బాల మనిషి ఎండన పడి వచ్చాడని జాలిపడి ఆయన ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. బస్సులో అలా జాలిపడి వదిలేసేవారా? మామయ్యా, ఈసారి బస్సెక్కానని అనుకుని అడగండి."

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. పేపరు నాలుగు మడతలు పెట్టి, కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"కూర్చో బాబూ. బోల్టుల కోసం మా శ్లాబుకి కన్నాలు పెడతారు కదా. రేపు వానకి అది కారితే ఎవరు బాగుచేయాలి?"

"కంపెనీయే సార్."

"మధ్యలో ఇల్లు అమ్మేస్తే?"

"కొన్నవాళ్ళ పేరు మీదకి మార్చేస్తాం."

"అద్దె పదిహేనేళ్ళూ ఇంతేనా?"

"దాదాపు అంతే సార్."

ఆయన తల ఊపాడు. టీ తెప్పించాడు. ఏ ఊరు, పిల్లలెంతమంది, ఎండల్లో తిరగడం కష్టమేనా అంటూ కబుర్లు పెట్టాడు. కప్పు ఖాళీ అయ్యాక, ఏదో గుర్తొచ్చినట్టు అడిగాడు. "ఇందాక శ్లాబు కారితే ఏమన్నావు?"

"మామూలుగా అయితే కంపెనీయే చూసుకుంటుంది సార్."

"ఆ 'మామూలుగా' ఇందాక లేదే. ఏ స్టాపులో ఎక్కింది?"

పేపర్ల వెనక కోడలు నవ్వు ఆపుకుంది. సేల్స్‌మన్ ట్యాబ్ మీద వేలు అటూ ఇటూ జరిపి, ఆఫర్ సాయంత్రంతో అయిపోతుందని గుర్తు చేశాడు.

"ఎక్కు ఎక్కు అని తొందరపెట్టే బస్సుల్ని చాలా చూశాను బాబూ. కాగితాలు ఇక్కడ పెట్టి వెళ్ళు. మీ ప్యానెళ్ళు పెట్టించుకున్న ఇళ్ళు ఓ మూడు చెప్పు."

సోమవారం ఆయన గొడుగు పట్టుకుని బయల్దేరాడు. సేల్స్‌మన్ చెప్పిన మూడిళ్ళలోనూ అందరూ బ్రహ్మాండం అన్నారు. మూడో ఇంటాయన కంపెనీ మేనేజరుకి మరిదని మాటల్లోనే తేలింది. ఈయన లేచి వచ్చేశాడు. ఆపైన వీధులన్నీ తిరుగుతూ, తలెత్తి డాబాలు చూసుకుంటూ నడిచాడు. రెండు రోజులకి, ఆ జాబితాలో లేని ఒక లాండ్రీ డాబా మీద అదే కంపెనీ బోర్డు కనిపించింది.

లాండ్రీ ఆవిడ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పింది. "కరెంటు బాగానే వస్తుందన్నయ్యా. పాడైందని ఫోన్ చేస్తే రెండో రోజుకల్లా మనిషి వస్తాడు. అబద్ధం ఎందుకు చెప్పాలి? కానీ అద్దె ఏటేటా పెరుగుతుంది. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. కిందటేడు శ్లాబు కారింది. ప్యానెళ్ళు విప్పి మళ్ళీ బిగించినందుకు నా దగ్గరే వసూలు చేశారు. అదేంటంటే, కాగితంలో ఉందిగా అన్నారు."

ఆ సాయంత్రం నుంచి ఆయన భూతద్దం పెట్టుకుని పద్నాలుగు పేజీలూ చదివాడు, ఒకసారి కాదు, మూడుసార్లు. లాండ్రీ ఆవిడ చెప్పింది పన్నెండో పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. అర్థంకాని చోటల్లా కోడలిని అడిగాడు. ఆమె స్కూలు నుంచి రాగానే పక్కన కూర్చుని చదివిపెట్టేది. యూనిట్ల లెక్క ఎలా చూడాలో, వాటర్ ట్యాంకు నీడ పడితే ఎంత తగ్గుతుందో బొమ్మ గీసి చూపించింది. ఆయన ఏడు ప్రశ్నలు కాగితం మీద గుండ్రటి అక్షరాల్లో రాసుకుని కంపెనీ ఆఫీసుకి వెళ్ళాడు.

మేనేజరు ఒక ఆవిడ. సేల్స్‌మన్ ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఇది అందరికీ ఇచ్చే అగ్రిమెంటే సార్. ఒక్కరి కోసం మార్చలేం."

"అయితే సరేనమ్మా, వెళ్ళొస్తాను." ఆయన గొడుగు తీసుకున్నాడు. కోపంగా అనలేదు, బెదిరింపుగానూ అనలేదు. నిజంగానే తలుపు దాకా వెళ్ళాడు.

"ఆగండి సార్. ఆ కాగితం ఇలా ఇవ్వండి."

ఆమె ఏడు ప్రశ్నలూ చదివింది. రెండోసారి చదివింది. "మీరు లాయరా?"

"కాదమ్మా. బస్సుల్లో టికెట్లు చూసేవాణ్ణి."

గంటన్నర కూర్చున్నారు. కంపెనీ పెట్టిన కన్నాల వల్ల శ్లాబు కారితే బాగుచేసేది కంపెనీయేనని రాశారు. శ్లాబు రిపేరుకి ఒకసారి ఉచితంగా విప్పి బిగిస్తామని రాశారు. ఏ ఏడు అద్దె ఎంతో పట్టిక వేశారు. ట్యాంకు నీడ పడే చోట పెట్టాలనుకున్న రెండు ప్యానెళ్ళు కొట్టేశారు. ఏడో ప్రశ్న దగ్గర మాత్రం ఆమె పెన్ను పక్కన పెట్టేసింది. "అయిదేళ్ళ లోపు అగ్రిమెంటు ఊరికే రద్దు చేసుకుంటామంటే కుదరదు సార్. మాకు గిట్టదు. అది ఇవ్వలేను."

ఆయన వెనక్కి వాలాడు. "ఇప్పుడు నాకు ధైర్యం వచ్చిందమ్మా. అన్నిటికీ సరే అనేసి ఉంటే, నమ్మకం లేక లేచి వెళ్ళిపోయేవాణ్ణి."

ఇంటికొచ్చి కొత్త కాగితాలు కోడలి ముందు పెట్టాడు. "మొదట తెచ్చిన కాగితం మీద సంతకం పెట్టొద్దు. దీని మీద పెట్టొచ్చు. అయిదేళ్ళు మాత్రం కట్టుబడి ఉండాలి. అది వాళ్ళు దాచలేదు, నేనూ దాచను. ఆ పైన నీ ఇష్టం తల్లీ."

ఆమె ఆసాంతం చదివింది. తప్పులు పట్టడమే వృత్తి అయిన మనిషి, మార్జిన్‌లో ఒక్క గీత కూడా గీయలేదు. సంతకం పెట్టి కాగితాలు భర్త చేతికిచ్చింది. అతను పన్నెండో పేజీ తిప్పి, పాత దానితో పోల్చి చూసుకున్నాడు.

"నాన్నా," అన్నాడు చివరికి, "ప్రెస్సులో ఇలాంటి కాగితాలు వేలకి వేలు అచ్చు వేశాను. ఒక్కటీ ఇలా చదవలేదు."

ప్యానెళ్ళు బిగించిన నెలకి స్టాఫ్ రూములో ఎవరో అదే కంపెనీ మాట ఎత్తారు. తోటి టీచర్లు కొందరికి కూడా కాగితాలు వచ్చాయట, గడువు రేపటితో అయిపోతుందట. కోడలు టిఫిన్ డబ్బా మూత పెట్టి, అందరికీ వినబడేలా చెప్పింది. "ఎవరూ సంతకాలు పెట్టకండి. ఆదివారం మా ఇంటికి రండి. మా మామయ్యగారు ఉన్నారు."

ఆదివారం పొద్దున్నే నలుగురు వచ్చారు, తన పాత కాగితాలు పట్టుకుని లాండ్రీ ఆవిడ అయిదోది. చెప్పులతో గుమ్మం నిండిపోయింది. కొడుకు లోపల్నుంచి కుర్చీలు మోసుకొస్తూ, "కొంచెం జరగండి, నాన్నకి వెలుతురు రానివ్వండి," అంటున్నాడు. ఆయన ఉతికిన తెల్లచొక్కా వేసుకుని, కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నాడు.

"ముందు మంచినీళ్ళు తాగండమ్మా. కాగితాలు తర్వాత చూద్దాం. ఒక్కొక్కరే చెప్పండి, ఆ అబ్బాయి మీతో నోటితో ఏమన్నాడు?"