సున్నా మీద వేలు

నేను ఒక అట్టముక్కను. ఆ గురువారం మధ్యాహ్నం నన్ను దోషిని చేసి నిలబెట్టారు.

ప్రభుత్వాసుపత్రి, ఎముకల ఓపీ. మందుల కిటికీ ముందు వరుసలో ఉన్న సన్యాసమ్మ కుడికాలి మీద నిలబడలేక గోడ పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది. తన వంతు వచ్చినా లేవలేదు. లేవలేకపోయింది. డాక్టర్ యశ్వంత్ గబగబా వచ్చి ఆవిడ చీటీ చూశాడు. బల్ల మీదున్న నన్ను తీసి నర్సు ఎస్తేరు రాణి ముఖం ముందు ఆడించాడు.

"సిస్టర్, ఈవిడ పన్నెండు రోజుల్లో మూడోసారి వచ్చింది. మూడుసార్లూ నొప్పి సున్నా అని రాశారు. ఇది చూపించే రాశారా?"

"చూపించే రాశాను సార్. ఆవిడే వేలు పెట్టింది."

"అయితే ఈ అట్ట అబద్ధం చెబుతోంది."

నాకు నోరుంటే అప్పుడే ఎదురు చెప్పేవాణ్ణి. నేను నొప్పిని కొలిచే అట్టను. జిల్లా కేంద్రంలో ఒక ప్రెస్సులో, వందమంది కవలలతో పాటు పుట్టాను. నా మీద వరుసగా ఆరు గుండు ముఖాలుంటాయి. మొదటిది నవ్వుతుంది, చివరిది ఏడుస్తుంది. కింద సున్నా నుంచి పది దాకా అంకెలు. నెత్తిన ఎర్రటి అక్షరాల్లో "మీ నొప్పి ఎంత?" అన్న ప్రశ్న. నన్ను మొదట అందుకున్న శిక్షణాధికారి కరెంటు పోయిన పూట విసనకర్రగా వాడుకున్నాడు. తర్వాతి డాక్టరు టీ గ్లాసు కింద పెట్టుకున్నాడు. స్పిరిటుతో తుడిచి నన్ను పనిలో పెట్టింది ఎస్తేరు రాణే.

పనిలో పడ్డాక మనుషులు అర్థమయ్యారు. మగవాళ్ళు కూర్చోకముందే పది మీద వేలు పెడతారు. వేలికి ముల్లు గుచ్చుకున్నా పదే. వయసు మళ్ళిన ఆడవాళ్ళు మాత్రం నా ముఖాల వంక మురిపెంగా చూస్తారు. "ఈ గుండోడు బాగున్నాడు" అని నవ్వే ముఖాన్ని తాకుతారు. శుక్రవారం పూట ఏడుపు ముఖం ముట్టుకోనని ఒకావిడ చేతులు వెనక్కి కట్టుకుంది.

సన్యాసమ్మకు అరవై ఏడేళ్ళు. జీడిపిక్కలు వలిచే పని. పన్నెండు రోజుల కిందట షెడ్డులో తడి గచ్చు మీద జారిపడింది. వచ్చిన ప్రతిసారీ మోకాలు చూపించింది. మోకాలికి రెండుసార్లు ఎక్స్‌రే తీశారు, రెండుసార్లూ ఎముక శుభ్రంగా ఉంది. ఇక మిగిలింది వయసే అనుకుని డాక్టరు కాల్షియం బిళ్ళలు రాశాడు. పడ్డ పెద్దవాళ్ళ ఎముకలో సన్న చీలిక దాక్కుని ఉంటుందనీ, ఒక్క అడుగు తేడా పడితే అది విడిపోయి మనిషి మంచాన పడుతుందనీ ఆయనే ఎన్నోసార్లు నా ముందు చెప్పాడు. అలాంటిది ఈవిడ ఒంట్లో ఉంటే? ఎక్కడ ఉన్నట్టు? ఒంటిగంటకు ఓపీ మూసేస్తారు. ఆవిడ ఊరికి బస్సు ఒకటింబావుకి. బస్సెక్కడానికి మూడు మెట్లు.

స్ట్రెచరు మీద ఆవిడను పరీక్ష గదిలోకి తెచ్చారు. షెడ్డులో ఆవిడతో కలిసి పనిచేసే దాలమ్మ కూడా వెంట లోపలికి వచ్చింది. ఎస్తేరు రాణి నన్ను ముందు పెట్టి, ఈసారి నా మీది ప్రశ్న చదవకుండా తన మాటల్లో అడిగింది.

"నిజం చెప్పు మామ్మా. నొప్పులున్నాయా?"

సన్యాసమ్మ ఆమె వంక వింతగా చూసింది. "ఈ వయసులో నాకు నొప్పులేటి తల్లీ? నలుగురికి పడ్డాను, సాల్దా?"

దాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "దీని ముసలోడు పోయి పన్నెండేళ్ళయింది సిస్టరమ్మా. ఇప్పుడు నొప్పులొస్తే పేపర్లో ఏస్తారు."

ఎస్తేరు రాణి నవ్వలేదు. నా నెత్తి మీద అక్షరాలను అప్పుడే మొదటిసారి చూసినట్టు చూసింది. ఈ పన్నెండు రోజులకు ముందు తెల్లబట్టల మనిషి సన్యాసమ్మను ఆ మాట చివరిసారి అడిగింది పురిటి గదిలో, నలభై ఏళ్ళ కిందట. అప్పటి నుంచీ ఆసుపత్రిలో ఆ మాటకు ఆవిడ దగ్గర ఒకటే అర్థం, కాన్పు. అడిగినవాళ్ళు తుంటరులో అమాయకులో అనుకుని మర్యాదగా సున్నా చూపించి ఊరుకుంది.

నర్సు ట్రేలోంచి ప్లాస్టరు తీసి "నొప్పి" అన్న మాట మీద అడ్డంగా అంటించింది. నా నుదుటికి దెబ్బ తగిలినట్టే ఉంది. దాని మీద పెన్నుతో మూడు మాటలు రాసి పైకి చదివింది.

"సలుపు. పోటు. పీకుడు. వీటిలో ఏదైనా ఉందా?"

"అదా," అంది సన్యాసమ్మ. "అదైతే సెప్పు. సలుపు పడ్డకాడి నుంచీ ఉంది. అడుగేస్తే పోటు. ఆ మాట నన్నెవులడిగేరు?"

ఆవిడ వేలు నా మీదికి వచ్చింది. కూర్చుంటే ఇదని నాలుగు మీద ఆగింది. పడుకుని ఒత్తిగిల్లితే ఇదని ఎనిమిది. లేచి నిలబడితే అంటూ ఏడుపు ముఖాన్ని దాటి, పదిని దాటి, నా అంచు కూడా దాటి గాలిలోకి పోయింది. నా ఉద్యోగంలో నన్ను దాటిపోయిన వేలు అదొక్కటే.

సగం కేసు తేలింది. ఇంత పోటు పెడుతున్నవాడు ఎక్కడున్నాడు?

"ఎక్కడ మామ్మా?"

వేలు మళ్ళీ మోకాలి మీదికి పోయింది. పోతూ పోతూ ఆవిడ కళ్ళు గదిలో అడ్డంగా కట్టిన తెర కిందికి చూశాయి. అక్కడ, అవతల నిలబడ్డ డాక్టరు బూట్లు కనబడుతున్నాయి. ఎస్తేరు రాణి ఆ చూపు పట్టుకుంది.

"సార్, రెండు నిమిషాలు బయట ఉండండి."

"ఓపీ మూసే టైమైంది సిస్టర్."

"అందుకే సార్."

బూట్లు వెళ్ళిపోయాయి. తలుపు మూసుకుంది. ఎస్తేరు రాణి నన్ను ఆవిడ చేతిలో పెట్టింది. "నువ్వేం చెప్పక్కర్లేదు. పోటు ఉన్నచోట ఈ అట్ట పెట్టు, చాలు."

సన్యాసమ్మ దాలమ్మ వంక చూసింది. దాలమ్మ గోడ వైపు తిరిగింది. అప్పుడు ఆ ముసలి చెయ్యి నన్ను మోకాలు దాటించి, తొడ దాటించి, చీర కుచ్చెళ్ళ పక్కన గజ్జలో ఆనించింది. ఎస్తేరు రాణి ఆవిడ పాదాన్ని వేలెడు దూరం పక్కకు తిప్పిందో లేదో, నా అంచు ఆవిడ పిడికిట్లో మడత పడింది. ఆ మడత ఇప్పటికీ ఉంది. పతకంలా చూసుకుంటాను.

"సార్, మోకాలు కాదు," అని తలుపు తీసి చెప్పింది ఎస్తేరు రాణి. "తుంటికి ఎక్స్‌రే రాయండి."

ఒంటిగంట దాటింది. ఓపీ మూయలేదు. బస్సు వెళ్ళిపోయింది, ఎవరికీ గుర్తులేదు. డాక్టరు ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టుకుని చాలాసేపు చూశాడు. తొడ ఎముక మెడ దగ్గర వెంట్రుకంత గీత. ఎముక మాత్రం కదల్లేదు.

"ఆ బస్సు మెట్లెక్కి ఉంటే విడిపోయేది," అన్నాడు. ఆయన గొంతు తగ్గింది. "సిస్టర్, సారీ. మామ్మా, రేపు రెండు స్క్రూలు బిగిస్తాం. నీ కాళ్ళ మీద నువ్వే నడుస్తావు."

"పిక్కలు ఒలవొచ్చా బాబూ?"

"కింద కాదు, కుర్చీలో కూర్చుని."

"విన్నావేటే దాలీ, నాకింక కుర్సీ," అంది సన్యాసమ్మ. తెరిచిన తలుపు అవతల వసారాలో ఉన్న ఆడవాళ్ళంతా నవ్వారు. దాలమ్మ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

డాక్టరు నన్ను తీసుకుని మడత సరిచేయబోయి ఆగాడు. నా నుదుటి మీది ప్లాస్టరు చదివాడు. స్ట్రెచరు పక్కన వంగి అడిగాడు.

"ఒక్కటి చెప్పు. బాధ ఇక్కడుంటే మూడుసార్లూ నాకు మోకాలెందుకు చూపించావు?"

సన్యాసమ్మ ఈసారి తెర వైపు చూడలేదు, కొంగు సర్దుకోలేదు. వసారా చివర బెంచీ మీదున్న ముసలమ్మలకు కూడా వినబడేలా చెప్పింది.

"సిగ్గు బాబూ. సిగ్గు."